పలుకరింపు లేని యిల్లు

వైశాఖమాసము సగము గడచెను. గోదావరి కాలువల సీమయందు ప్రతివత్సరము నా దినములలో తూములు దించి నీరు కట్టివేయుట యాచారము. తక్కిన మాసములయందు గట్టులొరసి పారుచు పడవలను మోయుచు పైరులను బోషించుచుండిన జలప్రవాహమంతయు నదృశ్యమై పగుళ్లువారిన నల్లని యొండ్రుమట్టి మాత్రము ప్రచండభానుకిరణసంతప్తమై క్రోసులకొలది పరచుకొనియుండెను. నీటిమీద వయ్యారముగా నూగిన సరకుపడవలు పొట్టలు నేలకానించి యొకప్రక్క కొరగి దాహార్తములై కూలిన మహామృగములవలె గానవచ్చుచుండెను. గాలి లేదు. పక్షి యెగురదు. ఆ శూన్యజలమార్గమందు పూడిక తీయు కూలివాండ్రు బారులు దీరి మట్టిగంపల నొకరిచేతినుండి యొక రందుకొనుచుండ, వారి పసిబిడ్డలు గట్టుమీది తుమ్మచెట్ల పలుచని నీడలయందు జీర్ణవస్త్రములతో గట్టిన యుయ్యెలలలో నిద్రించుచుండిరి.

అట్టి యొకనాటి మధ్యాహ్నమున తాళ్లలంక యను గ్రామముచెంత వీరమ్మ యను కూలిస్త్రీ బిడ్డకు పాలిచ్చుటకై గట్టెక్కి చూచునప్పటి కామె యుయ్యెల శూన్యమైయుండెను.

బిడ్డ పదినెలలవాడు. వాని కాళ్లకు వెండికడియములు గలవు. వీరమ్మ పెట్టిన పెడబొబ్బకు కూలివాండ్రందరును గంపలు పడవైచి పరుగెత్తివచ్చిరి. పొదలు వెదకిరి. బావులలోనికి దొంగిచూచిరి. సూర్యుడు పడమట వ్రాలు వేళకు క్రోసెడు దూరమున నొరిగియున్న యొక పాతపడవలో పైకప్పుక్రింది చీకటిగదియందు పదునాలుగేండ్ల బాలిక యొకతె యా శిశువు నొడియందుంచుకొని కూర్చుండియుండుట గనిరి. శిశువు కడుపునిండిన సుఖనిద్రయందుండెను. ప్రక్కను ఎవరి యింటనుండియో దొంగిలించి తెచ్చిన పాలముంత యుండెను; వాని పెదవులమీద పాలచారలు దడియారకుండెను. కడియములు కాళ్లనే యుండెను.

ఆ బాలికను వారెరుగుదురు. పేరు పేరంటాలు. ఆ గ్రామముననే కూలిచేసికొని బ్రతుకు చుక్కమ్మ యనునామె కూతురు. సంతలయందు చేతివాటము చూపుచు ఇల్లు పట్టక తిరుగు పిల్ల యనియు, అంతకుముందు పలుపర్యాయములు దొంగతనమున బట్టుబడి గ్రామాధికారిచే బెత్తపుదెబ్బలు తినిన పిల్ల యనియు నందరకును విదితమే. కావున నెవ్వరును విచారింప నక్కరలేకపోయెను. దెబ్బలు కురిసెను. పేరంటాలు శిశువుమీదికి వంగి తన వీపును కవచముగా జేసికొని యా దెబ్బలన్నింటిని భరించి, వీరమ్మ స్వయముగా వచ్చి చేతులు చాచినపిమ్మటగాని బిడ్డను విడువలేదు. కోపావేశమున నున్న జనులలో నొక్కరైన నీ విశేషమును గమనింపరైరి.

మరునాడు పోలీసువా రామెను పట్టణమునకు గొనిపోయి బాలనేరస్థులను విచారించు న్యాయాధికారి యెదుట నిలువబెట్టిరి. ఆయన వయోవృద్ధుడు, తొందరపాటు లేనివాడు.

“పిల్లాణ్ణి ఎందుకెత్తుకెళ్లావమ్మా?” అని యాయన యడిగెను.

పేరంటాలు తన వెనుక నెవరైన నున్నారా యని తిరిగి చూచెను. ఎవ్వరును లేరు. తననే యడుగుచున్నారని గ్రహించి, “కడియాల కోసమండి,” అనెను.

“మరి తీసుకోలేదేం?”

“తీసేలోపే పట్టేసుకున్నారండి.”

అపరాధము బాలిక నోటనే వచ్చినది. ఇక మిగిలినది ఆమెను దూరదేశమునగల దిద్దుబాటుశాలకు బంపుటయే. ఐనను న్యాయాధికారి తన యలవాటు చొప్పున బాలిక పూర్వవృత్తాంతమును విచారించి నివేదింపుడని యాజ్ఞాపించి తీర్పును పక్షముదినములు వాయిదావేసి యంతవరకు నామెను ఆండాళమ్మగారి శరణాలయమున నుంచెను.

ఆండాళమ్మ యేబదియేండ్లు దాటిన వితంతువు. ముప్పదివత్సరములు బాలికాపాఠశాలయందు లెక్కలు చెప్పి విశ్రాంతి గైకొన్నపిదప దిక్కులేని పిల్లలకొరకు నడుపబడు నా గృహమునకు యజమానురాలయ్యెను. మృదుభాషిణి కాదు. నస్యము పీల్చు నలవాటుండుటచే నామె చీరచెరగున నెల్లప్పుడును గోధుమవన్నె మరకలుండెడివి. పిల్ల లామెను జూచి భయపడుదురు. ఆమె యెవరిని లాలించి యెరుగదు. కాని యొక లెక్క తప్పైనచో నెచ్చట తప్పెనో కనుగొనువరకు నిద్రింపని స్వభావ మామెది. పేరంటాలు చెప్పిన యుత్తర మామెకు తప్పు లెక్కవలె దోచెను. కడియములకొరకైనచో నిమిషములో నూడదీసికొని బిడ్డను విడిచిపోవచ్చును. అర్ధదినము వానిని మోయుట యేల? దొంగిలించిన పాలు తాను ద్రావక వానికి బట్టుట యేల?

శరణాలయమున పేరంటాలు గోడవైపు మొగము త్రిప్పికొని కూర్చుండును. అన్నము పెట్టినచో పళ్లెమును మూలకు గొనిపోయి యెవరో లాగికొందురన్నట్లు త్వరత్వరగా మ్రింగును. ఎవరైన బిలిచినచో ముందుగా వెనుకకు జూచును. తోటిపిల్ల లీ చేష్టను గని నవ్విరి. అందొకతెను పేరంటాలు చేయి కరచి రక్తము వచ్చునట్లు చేసెను. ఆండాళమ్మ యా దినమున నామెకు మజ్జిగ లేకుండ శిక్ష విధించెను. పేరంటాలు దానిని బాటింపనైన లేదు.

ఆ యింట వంటచేయునామెకు నాలుగుమాసముల శిశువు గలదు. ఆ శిశువేడ్చినప్పుడెల్ల పేరంటాలు చెవులు మూసికొని పెరటిగోడచెంతకు బరుగెత్తును. ఏడుపు మాని నిద్రించినపిమ్మట మెల్లగా వచ్చి దాపున గూర్చుండి దాని ముక్కుకడ తన వ్రేలు పెట్టి చాలసే పట్లే యుండును. ఆండాళమ్మ వరుసగా మూడుదినములు దీనిని గనిపెట్టి నాలవనాడు సమీపించి యడిగెను.

“ఏం చూస్తున్నావే?”

“ఊపిరి.”

ఆ మధ్యాహ్నమే ఆండాళమ్మ యొంటెద్దుబండి కట్టించుకొని తాళ్లలంకకు బయలుదేరెను.

చుక్కమ్మ గుడిసె కాలువగట్టు దిగువను గలదు. ఆమె చేటలో బియ్యము పోసికొని రాళ్లేరుచుండెను. ముప్పదియైదేండ్ల వయసుననే యామె మొగము వృద్ధాప్యచ్ఛాయ నావహించియుండెను. ఆండాళమ్మ తానెవరో చెప్పి కూతురి విషయమెత్తగా నామె తల యెత్తలేదు. చేతివ్రేళ్లు మాత్రము బియ్యములో దిరుగుచుండెను. పొరుగింటి ముసలమ్మయే దడిమీదుగా సంగతి జెప్పెను.

“ఏడేళ్లైందండి ఆ పిల్లతో మాటాడి. తమ్ముణ్ణి చూసుకోమని అప్పగించి పనికెళితే, అది ఆటల్లో పడిపోయి వాణ్ణి కాలవలో పోగొట్టిందండి. అప్పటినుంచీ అది ఈవిడికి లేనట్టే లెక్కండి.”

జరిగిన దిది. శ్రావణమాసపు నాట్లదినములలో చుక్కమ్మ భర్త సోమన్న సరకుపడవతో దూరప్రాంతమున కేగియుండ, చుక్కమ్మ యేడేండ్ల కూతురిచేతికి ఏడాదికొడుకు అబ్బులు అనువాని నప్పగించి యూడ్పులకు బోయెను. సాయంకాలమున నామె తిరిగి వచ్చునప్పటికి గుడిసెముందు జనము గుమిగూడియుండిరి. కాలువలో మునిగిన పసివానిని చాపమీద బరుండబెట్టియుండిరి. తడిసిన పరికిణీతో పేరంటాలు గుంజను కౌగిలించుకొని నిలుచుండెను. చుక్కమ్మ యామెను జూచి, “నువ్వెందుకే మిగిలావు?” అనెను. తల్లి కూతురితో బలికిన కడపటిమాట యదియే.

కొట్టలేదు. ఇంటనుండి గెంటివేయలేదు. పళ్లెములో నన్నము పెట్టి మూలనుంచును. చినిగిన బట్టలు కుట్టి దండెమున వేయును. కాని పలుకదు, పిలువదు, కన్నెత్తి చూడదు. సోమన్న కొన్నిమాసములు చూచి యా నిశ్శబ్దమును సహింపజాలక పడవతో బోయి మరియొక సీమయందు మరియొక సంసారము పెట్టుకొనెను. గ్రామస్త్రీలు పేరంటాలు వీధిని బోవుచుండ దమ బిడ్డలను లోపలికి లాగికొందురు. రచ్చలో నాడుకొను పిల్ల లామె వచ్చినంతనే యాట మానుదురు. వర్షము కురియు రేలయందు పిడుగు పడినను ఆ బాలిక యమ్మా యని పిలిచి దగ్గర కొదుగ వీలులేని యిల్లు. తొమ్మిదేండ్లకే యామె తనలోతాను మాటలాడుకొనుట నేర్చెను. పదకొండవయేట సంతకుబోయి యొక మిఠాయిదుకాణమున బెల్లపుముక్క యెత్తినప్పుడు దుకాణదారు చెవి మెలిపెట్టి “నీ పేరేంటే? ఎవరి పిల్లవే?” యని గద్దించెను. ఎన్నియో వత్సరములకు బిదప నొక మనుష్యుడు తన మొగములోనికి జూచి తన పేరడిగెను. ఆ చెవినొప్పి రెండుదినములలో మానెను గాని యా ప్రశ్న యామె మనస్సునుండి పోలేదు. అటుపిమ్మట నామె తరచుగా బట్టుబడసాగెను.

ముసలమ్మ చెప్పుట ముగించి లోనికి బోయినపిదప గూడ చుక్కమ్మ రాళ్లేరుచునే యుండెను. ఆండాళమ్మ నస్యపుబుర్ర తీసి మరల మూసి, “నీ కూతురు పిల్లల్ని ఎత్తుకెళ్లే దొంగని రాసేస్తారు. దూరం పంపించేస్తారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా రాదు. నువ్వేమైనా చెప్పేదుంటే ఇప్పుడు చెప్పు,” అనెను.

చుక్కమ్మ వ్రేళ్లు నిలిచిపోయెను.

“ఆటల్లో పడలేదండి,” అనెను. ఆ కంఠము తుప్పుపట్టిన కీలువలె కిరకిరలాడెను. “ఆ రోజు అది చేలోకి రెండుసార్లొచ్చిందండి. ‘అమ్మా, తమ్ముడు ఊరుకోవట్లేదు, ఉయ్యాల్లోంచి దిగిపోతన్నాడు, నేను పట్టలేకపోతన్నాను, నువ్వు రా’ అందండి. మొదటిసారి బుజ్జగించి పంపాను. రెండోసారి మేస్త్రీ చూస్తన్నాడని చెంపమీద కొట్టి తరిమేశానండి. అది ఏడ్చుకుంటా ఇంటికెళ్లేసరికి... అంతేనండి. అయిపోయింది.”

“ఈ మాట ఎవరికైనా చెప్పావా?”

“లేదండి. ఊరంతా దాన్ని అంటావుంటే ఊరుకున్నాను. దాని మొకం చూస్తే నేను కొట్టిన చెంపే కనపడేదండి. మాటాడితే ఎక్కడ ‘నేను పిలిచాను, నువ్వే రాలేదు’ అంటదోనని... ఇవ్వాళ మాటాడదాం, రేపు మాటాడదాం అనుకునేదాన్నండి. ఏళ్లయ్యాక ఇంక ఎలా మొదలెట్టాలో తెలవలేదు.”

“అది ఎప్పుడైనా అందా ఆ మాట?”

“ఏనాడూ అనలేదండి. ఎంత కొట్టినా ఎవరితోనూ అనలేదు.”

ఆండాళమ్మ నస్యపుబుర్రను చెరగున ముడివైచెను. పిదప లేచి, “నాకు చెబితే సరిపోదు. వాయిదా రోజున అక్కడికొచ్చి చెప్పాలి,” అనెను.

“అందరి ముందూనా అండీ?”

“దాన్ని అన్నది అందరి ముందే కదా.”

చుక్కమ్మ చేటను మరల నొడిలోనికి లాగికొనెను. వచ్చునో రాదో తెలియక ఆండాళమ్మ తిరిగి బండియెక్కెను.

వాయిదాదినమున న్యాయాధికారి పీఠమెక్కి యరగంట గడచినను చుక్కమ్మ జాడ లేదు. ఆండాళమ్మ తాను గనినదియు వినినదియు విన్నవించెను. కాని తల్లియే వచ్చి చెప్పనిచో నా మాట పరోక్షసాక్ష్యము. ఆయన బాలికను మరల నడుగగా నామె తొల్లిటివలెనే “కడియాల కోసమేనండి,” అనెను. గుమాస్తా కలము సిరాలో ముంచెను. అప్పుడు ద్వారముకడ నలజడి యయ్యెను. మోకాళ్లవరకు దుమ్ము గ్రమ్మిన కాళ్లతో చుక్కమ్మ నిలుచుండెను. ఉదయముననే బయలుదేరి దారిలో రెండుమార్లు వెనుకకు మరలి మూడవమారు వచ్చితినని యామె పిమ్మట ఆండాళమ్మతో జెప్పెను.

ఆమె కూతురివైపు చూడక నేలనే చూచుచు, చేనును చెంపదెబ్బను మేస్త్రీని సర్వమును వరుసగా జెప్పెను. సగములోనే పేరంటాలు కెవ్వున నరచెను.

“అబద్ధమండి! నేను చేలోకి రాలేదండి! ఆవిడికేం తెలవదండి! నేనే ఆడుకుంటా మర్చిపోయానండి!”

ఏడేండ్లు తల్లి నేరమును తన నేరముగా మోసిన బాలిక యా బరువును దింపుకొనుట కిష్టపడక రెండుచేతులతో బట్టుకొనుట చూచి గుమాస్తా వ్రాయుట నిలిపెను. సాక్షిగా వచ్చిన వీరమ్మ బిడ్డను చంకనెత్తుకొని ముందుకు వచ్చెను.

“అయ్యా, నాదొక మాటండి. ఆ రోజు మావోడు దొరికినప్పుడు వాడి మొలతాడుకి బురద ఎండిపోయి ఉందండి. నడుందాకా బురదుంది. కంగార్లో చెప్పలేదు. మా ఉయ్యాలకి పక్కనే కాలవలో, పూడిక తీసినచోట ఊరిన నీళ్లగుంట ఉందండి.”

న్యాయాధికారి కలము క్రింద పెట్టి పేరంటాలిని జూచెను. “ఇప్పుడు చెప్పమ్మా,” అనెను.

ఆమె యీమారు వెనుకకు జూడలేదు.

“గుంటలోకి పాకేశాడండి. అందరూ దూరంగా మట్టిపనిలో ఉన్నారు. ఎత్తుకున్నాను. మళ్లీ అక్కడే పెట్టబుద్ధి కాలేదండి. పెడితే మళ్లీ పాకుతాడు కదండి.”

“మరి కడియాల కోసమని ఎందుకు చెప్పావు?”

“దొంగనంటే నమ్ముతారండి. గుంటలోంచి తీశానంటే, నేనే తోశానంటారు.”

న్యాయాధికారి దొంగతనపు నేరారోపణమును గొట్టివైచెను. బిడ్డను తల్లికి జెప్పక గొనిపోవుట తప్పే యని మందలించి, పూర్వపు చిల్లరదొంగతనములకు దండనగా గాక రక్షణగా నామె నింటికి బంపుటయా శరణాలయముననే యుంచుటయా యని యోచించి యా నిర్ణయమును బాలికకే విడిచెను. చుక్కమ్మ చేయి చాచెను. పేరంటాలు తల యడ్డముగా నూపి ఆండాళమ్మ వెనుకకు బోయి నిలుచుండెను. చాచిన చేతిని చుక్కమ్మ మెల్లగా దింపికొనెను.

నేరమును విచారించువారు దాని దినమును వ్రాసికొందురు, స్థలమును వ్రాసికొందురు, పోయిన వస్తువును వ్రాసికొందురు. ఆ నేరము ఎన్నేండ్లక్రిందట నే యింట నేమాట రాక మొలకెత్తెనో వ్రాసికొనుటకు వారి కాగితములయందు చోటు లేదు. ఆ పక్షముదినముల యోపిక యా న్యాయాధికారికి లేకున్నచో పేరంటాలు జీవితాంతము తాను చెప్పిన యసత్యముగనే మిగిలియుండెడిది.

ఐనను సత్యము బయటపడిన మాత్రమున నంతయు జక్కబడినదని పాఠకులు తలపవలదు. ఆ యేట పేరంటాలు రెండుమార్లు శరణాలయపు గోడదూకి పారిపోయెను. ఒకమారు తానే తిరిగివచ్చెను, ఒకమారు ఆండాళమ్మ సంతలో వెదకి పట్టితెచ్చెను. వంటింట పంచదార మాయమగుట మానలేదు. వంటయామె శిశువును మాత్రము పగలంతయు పేరంటాలే యెత్తుకొనెడిది. మొదట వంటయామె భయపడెను. ఆండాళమ్మ “ఉండనీ,” అని యొక్కమాట యనెను.

చుక్కమ్మ ప్రత్యాదివారము రెండుక్రోసులు నడచి వచ్చును. తొలుత మూడు వారములు పేరంటాలు గదివిడిచి రాలేదు. చుక్కమ్మ వసారాలో నొంటిగా గూర్చుండి సాయంకాలమునకు లేచిపోయెడిది. నాలవవారము బాలిక వచ్చి స్తంభమున కావలివైపున మొగము గానరాకుండ గూర్చుండెను. మాటలాడుట మరచిపోయిన యా తల్లి యేమి చెప్పవలయునో తోచక గ్రామసంగతులు చెప్పసాగెను. పొరుగింటి ముసలమ్మకు కన్ను కనపడుట లేదనియు, కాలువకు నీరు విడిచిరనియు, గుడిసెపై తాటాకు మార్పించితిననియు, కోడి పదకొండు పిల్లలు చేసెననియు నొకదానికొకటి పొత్తులేని మాటలు తడబడుచు జెప్పును. స్తంభమున కావల నుండి బదులు రాదు. ఇట్లు వర్షములు వచ్చెను, వర్షములు వెనుకబట్టెను. ఒకయాదివారము చెప్పుటకు మాటలు లేక చుక్కమ్మ, “ఆ రోజు నిన్ను కొట్టకుండా నీ ఎనకాల వచ్చుంటే బాగుండేదే,” అని మాత్రమనెను. స్తంభమున కావల బాలిక పాదములు రెండు ముడుచుకొనెను.

కార్తికమాసమున నొకదినము పెందలకడనే పొద్దు గ్రుంకెను. చుక్కమ్మ చెంగు దులిపికొని లేచి వాకిటి తడికె దాటెను. పది యడుగులు నడచెనో లేదో వెనుకనుండి పాదధ్వని వినవచ్చెను. పేరంటాలు తడికె పట్టుకొని నిలుచుండి తల్లి మొగమువైపు గాక యామె కాళ్లవైపు చూచుచు, “గట్టుమీద మంచు పడతంది. జారుద్దేమో. చూసుకుని ఎల్లు,” అనెను. అని వెంటనే లోనికి బరుగెత్తెను.

ఆ దారిని గడ్డిబండి తోలుకొని పోవు రైతొకడు గట్టుమీద నొక కూలిస్త్రీ యొంటరిగా నడచుచు పెదవులు కదల్చుచు నేదో పలుమారు వల్లించుకొనుట చూచి బండి నిదానించి, “ఎవరితోనమ్మా ఆ మాటలు?” యని యడిగెను. ఆమె మంచులో జాగ్రత్తగా నొక్కొక్క యడుగే వేయుచు, “మా పేరంటాలితోనండి,” అని బదులుచెప్పి తన మాటలలో దాను మరల నిమగ్నురాలయ్యెను.